ఇన్యో కౌంటీలో మూడు రోజులు: డెత్ వ్యాలీకి పడమటి దారిన ఎలా వెళ్లాలి

పొద్దున్నే లాస్ వేగస్ నుంచి బయల్దేరడం, బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం మీద నాలుగు ఫొటోలు దిగడం, చీకటి పడేలోపు మళ్లీ హోటల్ చేరడం. మనవాళ్లలో ఎక్కువమంది డెత్ వ్యాలీ నేషనల్ పార్కు చూసేది ఇలాగే. నేనూ రెండుసార్లు అలాగే చూసి, అంతా చూసేశాననుకున్నాను. ఆ పార్కులో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని ఇన్యో కౌంటీలో ఉంటుంది. అసలు సంగతులన్నీ ఆ కౌంటీ పడమటి అంచున, 395 నంబరు రోడ్డు పొడుగునా ఉన్నాయని నాకు మూడోసారికి గానీ తెలియలేదు.

కౌంటీ విస్తీర్ణం పది వేల చదరపు మైళ్ల పైమాటే. అంటే విడగొట్టక ముందు మన అనంతపురం జిల్లా కంటే పెద్దది. జనం మాత్రం 19 వేలు. కాబట్టి ఇక్కడ 'దారిలో ఏదో ఒకటి దొరుకుతుందిలే' అనే ధీమా పనికిరాదు. ముందే లెక్కలు వేసుకుని వెళ్లండి.

ముందు నెల తేల్చుకోండి

టికెట్లు, హోటళ్లు తర్వాత. మొదట తేల్చుకోవాల్సింది నెల. అలాస్కా, హవాయి వదిలేస్తే అమెరికాలో అన్నిటికంటే ఎత్తయిన మౌంట్ విట్నీ 14,505 అడుగులు. ఈ దేశంలో అన్నిటికంటే పల్లమైన బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన. రెండూ ఈ కౌంటీలోనే, మ్యాప్ మీద గీత గీస్తే 85 మైళ్ల దూరంలోనే ఉన్నాయి. కింద హాయిగా ఉన్న నెలల్లో పైన రోడ్లు మంచుతో మూసేస్తారు. పైన హాయిగా ఉన్న నెలల్లో కింద నిప్పుల కుంపటి.

రెండూ ఒకే ట్రిప్పులో కుదిరేది అక్టోబరు రెండో సగంలో. దసరా అయిపోయి దీపావళి హడావుడి మొదలయ్యే రోజులనుకోండి. ఎత్తు మీది రోడ్లు మామూలుగా అప్పటికింకా తెరిచే ఉంటాయి. డెత్ వ్యాలీలో ఎండ భరించేలా ఉంటుంది. బిషప్ క్రీక్ పైన ఆస్పెన్ చెట్ల పసుపు రంగు చివరికొచ్చినా, కింద 395 రోడ్డు సాగే ఓవెన్స్ లోయలో కాటన్‌వుడ్ చెట్లు రంగు తిరుగుతుంటాయి. ఒకవేళ ముందుగానే మంచు పడితే కొండ రోడ్డు మూసేస్తారు కాబట్టి బయల్దేరే ముందురోజు ఒకసారి చూసుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వేసవిలోనే వస్తారు, ఏం చేయమంటారు అని అడుగుతారు. అయితే డెత్ వ్యాలీ మానేయండి, మిగతా రెండు రోజులూ చూపించండి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మా నాన్నను నేను తీసుకెళ్లింది జూన్‌లో. "రామగుండం ఎండల్లో డ్యూటీ చేసినవాణ్ణి, ఇదొక లెక్కా" అంటూ ఆయన టోపీ కూడా లేకుండా ఉప్పు మీద నడుచుకుంటూ పోయాడు. వెనక్కొచ్చి, "చెమట కూడా పట్టట్లేదురా, బానే ఉంది" అన్నాడు. చెమట పట్టక కాదు, ఆ పొడిగాలికి పట్టింది పట్టినట్టే ఆరిపోతోంది. ఆ రాత్రంతా తలనొప్పి, వాంతులు. ప్రపంచంలో అధికారికంగా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌దే: 1913 జులై 10న 56.7 డిగ్రీల సెల్సియస్. వేసవిలో పొద్దున పది దాటాక పల్లపు ప్రాంతాల్లో నడవొద్దని పార్కువాళ్లు ఊరికే చెప్పరు.

బస, పెట్రోలు, తిండి

మొదటి రెండు రాత్రులు లోన్ పైన్ అనే చిన్న ఊళ్లో దిగండి. లాస్ ఏంజెలెస్ నుంచి మూడున్నర గంటల డ్రైవ్. బే ఏరియా నుంచైతే యోసమిటీ మీదుగా టియోగా పాస్ దారి దగ్గర, కానీ చలికాలమంతా అది మూసే ఉంటుంది. వేగస్ నుంచి వచ్చేవాళ్లు కింద రాసిన వరసను తిరగేసుకోవచ్చు.

లోన్ పైన్ వదిలే ప్రతిసారీ ట్యాంక్ నింపండి. డెత్ వ్యాలీలో పెట్రోలు దొరికేది రెండు మూడు చోట్లే, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. మ్యాపులు ఫోన్‌లోకి ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఊరు దాటిన కాసేపటికే సిగ్నల్ పోతుంది. నీళ్లు మనిషికి రోజుకొక గాలన్, ఎవరూ తాగకపోయినా సరే, కార్లో ఉండాలి.

శాకాహారులైతే రైస్ కుక్కర్ తెచ్చుకోవడమే సుఖం. సరుకులు కావాలంటే బిషప్‌లో సూపర్‌మార్కెట్ ఉంది. ఈ కౌంటీలో సిటీ హోదా ఉన్నది ఆ ఒక్క ఊరికే. పులిహోర, దద్దోజనం కలుపుకుని వెళ్తే రోజంతా గడిచిపోతుంది. ఒక్క జాగ్రత్త: విట్నీ ఎక్కే కాలిబాట మొదలయ్యే విట్నీ పోర్టల్ దగ్గర కార్లో తిండి వదలొద్దు. ఎలుగుబంట్లు కారు తలుపులు ఊడబెరుకుతాయి. అక్కడ ఇనుప పెట్టెలు పెట్టి ఉంటాయి, మూత బిగించిన ఆవకాయ సీసాతో సహా అన్నీ అందులోకే వెళ్లాలి.

మొదటి రోజు తెల్లవారుజామున: అలబామా హిల్స్

సూర్యోదయానికి అరగంట ముందు లేవండి. పిల్లలు సణుగుతారు, సణగనివ్వండి. ఊరి మధ్యలో ఉన్న సిగ్నల్ దగ్గర విట్నీ పోర్టల్ రోడ్డు ఎక్కితే కాసేపటికే ఒక సిమెంటు కాలువ దాటుతారు. మన నాగార్జునసాగర్ పిల్లకాలువలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని సంగతికి వద్దాం. ఇంకాస్త ముందుకెళ్లి కుడివైపు మూవీ రోడ్డులోకి తిరిగితే, ఎవరో కుప్పపోసి వెళ్లిపోయినట్టు గుండ్రటి గోధుమరంగు బండరాళ్లు.

ఎండ ముందు పడేది పడమట ఉన్న సియెరా నెవాడా కొండల శిఖరాల మీద. గులాబీ, ఆ తర్వాత నారింజ, చివరికి తెలుపు. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాల్లో నూటికి తొంభైమంది తప్పు కొండను ఫొటో తీసుకుంటారు. ఎడమవైపు పెద్దగా, దగ్గరగా కనిపించేది విట్నీ కాదు, లోన్ పైన్ పీక్. విట్నీ దానికి కుడివైపున, వెనక్కి తగ్గి, పక్కన సూదుల్లాంటి శిఖరాలు పెట్టుకుని చిన్నగా కనిపిస్తుంది. మోబియస్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా చిన్న కాలిబాట ఉంది, మైలు కూడా ఉండదు. తోరణంలోంచి విట్నీని చూడొచ్చు.

ఈ రాళ్ల మధ్య 1920ల నుంచి వందల సినిమాలు తీశారు. 1939లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో మన బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుగా చూపించింది ఈ గుట్టలనే. ఊళ్లో ఈ సినిమాలకు ఒక మ్యూజియం ఉంది. పాత కౌబాయ్ సినిమాల పిచ్చి లేకపోతే గంట చాలు.

అక్కణ్ణుంచి పోర్టల్ దాకా ఎక్కిరండి. మలుపుల రోడ్డు, ఎనిమిది వేల అడుగులు దాటుతుంది. విట్నీ శిఖరం ఎక్కాలంటే పర్మిట్ కోసం ఏడాది మొదట్లోనే లాటరీలో పేరు వేసుకోవాలి. కానీ లోన్ పైన్ లేక్ వరకు, ఒకవైపు సుమారు మూడు మైళ్లు, పర్మిట్ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు జలపాతం దగ్గర కూర్చుని కాఫీ తాగి దిగిపోవచ్చు.

అదే రోజు పదింటికి: మాంజనార్

ఈ ట్రిప్పులో ఒక్కటే చూడగలరంటే ఇది చూడండి. లోన్ పైన్‌కి ఉత్తరాన తొమ్మిది మైళ్లు, రోడ్డు పక్కనే ఒక కాపలా బురుజు కనిపిస్తుంది. ప్రవేశం ఉచితం. విజిటర్ సెంటర్ తెరిచే వేళలు ముందురోజు చూసుకుని, కనీసం మూడు గంటలు కేటాయించండి.

జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్లను ఇళ్లలోంచి ఖాళీ చేయించి పది క్యాంపుల్లో పెట్టారు. ఒక్క మాంజనార్‌లోనే మూడేళ్లలో 11 వేలమందికి పైగా గడిపారు. వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన పౌరులు. ఇక్కడే పుట్టి, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడే మన పిల్లల్లాంటివాళ్లే. వాళ్ల తల్లిదండ్రులకు ఎన్నేళ్లున్నా పౌరసత్వం ఇచ్చే చట్టం లేదు. ఆ నిషేధం మనకూ ఉండేది: 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హత లేదంది, 1946లో చట్టం మారేదాకా అదే నడిచింది. గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డవాళ్లు ఈ సంగతి తెలుసుకుని లోపలికి వెళ్తే చూపు వేరుగా ఉంటుంది.

ముందు విజిటర్ సెంటర్‌లోకి వెళ్లండి. ఆ భవనం క్యాంపులో ఉన్నవాళ్లే 1944లో కట్టుకున్న స్కూలు ఆడిటోరియం. లోపల పైనుంచి వేలాడే పెద్ద పరదా మీద పది వేలకు పైగా పేర్లు అచ్చు వేసి ఉంటాయి. ఒకే ఇంటిపేరు వరసగా ఆరుసార్లు, ఏడుసార్లు వస్తుంది. అంటే ఒక ఇల్లు మొత్తం.

తర్వాత నడిచి పద్నాలుగో బ్లాక్‌కి వెళ్లండి. తిరిగి కట్టిన బ్యారక్‌లు, భోజనశాల అక్కడున్నాయి. ఇరవై అడుగులకు పాతిక అడుగుల గది, అందులో ఎనిమిదిమంది. గడ్డి కూరిన పరుపులు. పచ్చి చెక్కతో హడావుడిగా కట్టడంతో పలకల మధ్య సందులు పడి, గాలి వీచిన ప్రతిసారీ పక్కల నిండా దుమ్ము. ఆడవాళ్ల మరుగుదొడ్డి గది కూడా మళ్లీ కట్టారు. తప్పకుండా లోపలికి వెళ్లండి. కమోడ్‌లు వరసగా ఉంటాయి, మధ్యలో అడ్డుగోడలు లేవు. కొందరు అట్టపెట్టెలు తెచ్చుకుని చుట్టూ అడ్డం పెట్టుకునేవాళ్లట, కొందరు అర్ధరాత్రి దాకా ఆగేవాళ్లట. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఇన్నాళ్లు ఎలా ఉన్నారే తల్లీ" అంది. ఎవరితో అందో నాకు తెలీదు, అక్కడ మేం తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత కార్లో చుట్టూ తిరిగే మూడు మైళ్ల బాట పట్టుకోండి. ఖైదీలు కట్టుకున్న తోటల దగ్గర దిగండి. ఎండిన చెరువు, రాళ్ల వంతెన. చివర్లో శ్మశానం, 1943లో కట్టిన తెల్లటి స్తంభం. దాని మీద జపనీస్ అక్షరాలకు 'ఆత్మలకు సాంత్వననిచ్చే గోపురం' అని అర్థం. పాదం దగ్గర రంగు కాగితాలతో మడిచిన కొంగలు, నాణేలు పెట్టి ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకు తలా 20 వేల డాలర్లిచ్చింది.

బాట పక్కన ముసలి యాపిల్, పేర చెట్లు కనిపిస్తాయి. క్యాంపు కంటే పాతవి అవి. మాంజనార్ అంటే స్పానిష్‌లో యాపిల్ తోట. 1910 నుంచి ఇక్కడ రైతుల ఊరొకటి ఉండేది. లాస్ ఏంజెలెస్ నగరం నీళ్ల కోసం భూములు కొనేయడంతో 1929కల్లా ఊరు ఖాళీ అయింది. అంతకు ముందు ఈ లోయ పైయూట్లనే ఇక్కడి ఆదివాసులది. నీళ్లు పారే నేల అని వాళ్లు పెట్టుకున్న పేరు, పయహూనడూ. వాళ్లలో దాదాపు వెయ్యిమందిని 1863లో సైన్యం ఇక్కణ్ణుంచి దక్షిణాన ఫోర్ట్ తెహోన్‌కి నడిపించుకుపోయింది. చాలామంది తిరిగొచ్చారు, వాళ్ల వారసులు ఇవాళా ఈ లోయలోనే ఉన్నారు. ఎనభై ఏళ్లలో ఒకే నేలను ఇద్దరి చేత ఖాళీ చేయించి, మూడోవాళ్లను వాళ్ల ఇళ్లు ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చి పెట్టారన్నమాట. ఈ కౌంటీ బోసిగా కనిపించిన చోటల్లా నాకిప్పుడు ఈ లెక్కే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం ఆరు మైళ్ల దూరంలోని ఇండిపెండెన్స్‌కి వెళ్లండి. పేరుకి కౌంటీ కేంద్రం, అంతా కలిపి ఒక వీధి. అక్కడి ఈస్టర్న్ కాలిఫోర్నియా మ్యూజియంలో పైయూట్-షోషోనీ ఆడవాళ్లు అల్లిన బుట్టలున్నాయి. అల్లిక చాలా దగ్గరగా ఉంటుంది. కొన్నిటికి పైన్ చెట్టు జిగురు పూసి వాటిలో నీళ్లు కూడా మోసేవాళ్లు.

తిరిగొచ్చేటప్పుడు, లోన్ పైన్ ఇంకా రాకముందే, రోడ్డు పక్కన దిబ్బ మీద కంచె వేసిన ఒక సామూహిక సమాధి ఉంది. 1872 మార్చి 26 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో ఈ చిన్న ఊళ్లో 27 మంది పోయారు. రెండు నిమిషాలు ఆగితే చాలు.

రెండో రోజు: నాలుగు వేల ఏళ్ల చెట్లు

395 మీద లోన్ పైన్‌కి ఉత్తరాన ఉన్న బిగ్ పైన్ అనే ఊరి నుంచి 168 నంబరు రోడ్డు మీద 13 మైళ్లు, తర్వాత ఎడమవైపు వైట్ మౌంటెన్ రోడ్డు మీద పది మైళ్లు ఎక్కితే షుల్‌మన్ గ్రోవ్. పది వేల అడుగుల ఎత్తు. కొండ మీద పెట్రోలు లేదు, నీళ్లు లేవు. పార్కింగ్‌కి కొద్దిపాటి రుసుము ఉంటుంది.

ఒక్క ఊపున పైకి పోవద్దు. సగం పైన సియెరా వ్యూ పాయింట్ దగ్గర అరగంట ఆగండి. కింద ఓవెన్స్ లోయ, ఎదురుగా సియెరా గోడ మొత్తం కనిపిస్తుంది, పైగా ఊపిరి ఎత్తుకి అలవాటు పడుతుంది. మా కార్లో వెనక సీట్లో ఉన్న చిప్స్ ప్యాకెట్ అక్కడికొచ్చేసరికి దిండులా ఉబ్బింది. పెరుగు డబ్బా మూత టప్పున లేచి దద్దోజనం మీద పడింది. బయటి గాలి ఒత్తిడి ఎంత తగ్గిందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. బీపీ, గుండె మందులు వాడే పెద్దవాళ్లుంటే బయల్దేరక ముందే డాక్టర్‌ని అడగండి. తల తిరుగుతోందంటే మొహమాటపడకుండా కిందికి దించేయండి.

ఈ బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లలో మెతూసెలా అనేదానికి 4,800 ఏళ్లు దాటాయి. 1957లో ఎడ్మండ్ షుల్‌మన్ దాని వలయాలు లెక్కపెట్టాడు. మన హరప్పా ఇంకా పూర్తి నగరం కాకముందే మొలిచిన చెట్టు. అది ఏదో గుర్తు పెట్టరు, బోర్డు ఉండదు, రేంజర్‌ని అడిగినా చెప్పరు. ఎవరైనా కొమ్మ విరుచుకుపోతారని భయం. నాలుగున్నర మైళ్ల మెతూసెలా బాటలో నడిస్తే దాని పక్కనుంచే వెళ్తారు గానీ తెలీదు. పెద్దవాళ్లకు ఒక మైలు డిస్కవరీ బాట చాలు, చెట్లు అంతే ముసలివి.

ఒక చెట్టు దగ్గర ఆగి, బెరడు ముట్టుకోకుండా, వంగి చూడండి. కాండంలో ముప్పాతిక భాగం చచ్చిపోయి, గాలికీ ఇసుకకీ నునుపు తేలి రాగి రంగులో మెరుస్తుంటుంది. ఒక పక్కన అరచేతి వెడల్పు బెరడు పట్టీ మాత్రం బతికుంటుంది. ఆ ఒక్క పట్టీయే పైనున్న పచ్చటి కొమ్మను పోషిస్తుంది. సారం లేని తెల్లటి డోలమైట్ నేల, చలి, తక్కువ వాన. ఒక అంగుళం లావెక్కడానికి వందేళ్లు పట్టొచ్చు. అంత నిదానంగా పెరగబట్టే కలప గట్టిపడి, పురుగు పట్టదు, కుళ్లదు.

దిగాక ఓపిక ఉంటే బిషప్ దాకా వెళ్లండి. ఊరికి అవతల లాస్ అనే చోట పాత నారోగేజ్ స్టేషన్‌ని మ్యూజియంగా ఉంచారు. 1883లో వచ్చిన రైలు, 1960లో ఆగిపోయింది. రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలు కదలరు. సెర్రో గోర్డో అనే పాత వెండి గనుల ఊరు చూద్దామని కొందరంటారు. ఎనిమిది మైళ్ల నిటారు మట్టిరోడ్డు అది, మామూలు సెడాన్‌తో నేనైతే వెళ్లను.

మూడో రోజు: ఎండిన చెరువు మీదుగా లోయలోకి

గది ఖాళీ చేసి, ట్యాంక్ నింపి, తెల్లవారక ముందే 136 రోడ్డు పట్టుకోండి. కుడిపక్కన తెల్లగా పరచుకున్నది ఓవెన్స్ సరస్సు. మొదటి రోజు చూసిన సిమెంటు కాలువ ఇక్కడ పనికొస్తుంది. లాస్ ఏంజెలెస్ నీటి ఇంజినీరు విలియం ముల్‌హాలండ్ కట్టించిన ఆ కాలువ 1913 నుంచి ఈ లోయ నీళ్లను 233 మైళ్ల అవతలి లాస్ ఏంజెలెస్‌కి, పంపులు లేకుండా వాలు మీదే తీసుకెళ్తోంది. మనకు ముంపు గ్రామాలు తెలుసు. ఇక్కడ జరిగింది దానికి తిరగేసినది, ఎండబెట్టారు. 1926కల్లా నూరు చదరపు మైళ్లకు పైబడ్డ సరస్సు ఉప్పు మట్టి అయి, ఆ దుమ్ము దశాబ్దాలపాటు ఊళ్ల మీద పడింది. ఇప్పుడు నగరమే రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పోసి ఆ మట్టిని తడుపుతోంది. తడిపిన చోట పక్షులు తిరిగొచ్చాయి.

190 రోడ్డులో ఫాదర్ క్రౌలీ వ్యూ పాయింట్ దగ్గర ఆగండి. పానమింట్ లోయ దాటి టౌన్ పాస్ ఎక్కాక సుమారు అయిదు వేల అడుగుల నుంచి ఏకబిగిన సముద్రమట్టానికి దిగుతారు. బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేర్‌లో దింపండి, లేదంటే బ్రేకులు కాలిన వాసన వస్తుంది. పార్కు రుసుము కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నోట్లు తీసుకోరు, కార్డే.

వరస ఇలా పెట్టుకోండి. ఎండ ఎక్కకముందు స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర ఇసుక దిబ్బలు. తర్వాత హార్మొనీ బోరాక్స్ వర్క్స్. బోరాక్స్ అంటే కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారం. 1883 నుంచి అయిదేళ్లపాటు ఇక్కడ దాన్ని చైనా కూలీలు గీకి పోగుచేస్తే, కంచరగాడిదలు లాగే బండ్లు 165 మైళ్ల అవతలి మొహావి రైలు స్టేషన్‌కి చేర్చేవి. ఆ బండి ఒకటి ఇప్పటికీ అక్కడుంది, వెనక చక్రం మనిషి కంటే ఎత్తు. మధ్యాహ్నం ఫర్నెస్ క్రీక్‌లో నీడన భోజనం. పొద్దు వాలుతుంటే రంగురంగుల గుట్టల మధ్య సాగే ఆర్టిస్ట్స్ డ్రైవ్ రోడ్డు, ఆపై బ్యాడ్‌వాటర్.

బ్యాడ్‌వాటర్‌లో అందరూ ఉప్పు వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటారు. మీరు వెనక్కి, కొండ వైపు తిరిగి తలెత్తి చూడండి. ఎక్కడో పైన చిన్న తెల్లటి పలక: సముద్రమట్టం. ఓపికుంటే ఉప్పు మీద అరమైలు లోపలికి నడవండి. జనం తొక్కిన చోట మురికి, ముందుకెళ్లే కొద్దీ తెల్లటి పలకలు, వాటి అంచులు పైకి లేచి అప్పడాల్లా ఉంటాయి.

చీకటి పడ్డాక కారు ఆపి లైట్లన్నీ ఆర్పేసి ఒక పావుగంట ఉండండి, పాలపుంత కనబడుతుంది. ఆకాశం బాగా నల్లగా ఉండాలంటే అమావాస్య దగ్గర పడేలా తేదీలు చూసుకోండి. అక్కణ్ణుంచి వేగస్ రెండు గంటలు దాటుతుంది, లోన్ పైన్ కూడా దాదాపు అంతే. ఎటు వెళ్లినా, కార్ మ్యాట్లు ఆ రాత్రే దులిపి బూట్ల అడుగులు కడిగేయండి. ఆ ఉప్పు తేమ పీల్చుకుని మర్నాటికి జిగటగా పట్టేస్తుంది, అద్దె కారైతే శుభ్రం చేసిన ఖర్చు మీ మీద వేస్తారు.